పుల్లని కడలి

మొన్న ఆదివారం మధ్యాహ్నం బళ్ళారి బ్రూస్‌పేటలో మా ఇంటి ముందు ఆటో దిగి, జీన్స్ గుడ్డ ముక్కలతో కుట్టిన సంచి ఒకటి నా చేతికిచ్చి, బస్సుకు టైమైపోతుందని కాఫీ అయినా తాగకుండా వెళ్ళిపోయింది మా చిన్నమ్మ కోడలు. చిన్నమ్మంటే నాకు రక్తసంబంధం ఏమీ లేదు. నా ఉద్యోగం మొదటి రెండేళ్ళు నేను అద్దెకున్న ఇంటి ఇల్లాలు. పోయిన నెలలో కాలం చేసింది. ఆమె పెట్టె సర్దుతుంటే ఇది దొరికిందనీ, పంతులమ్మకే, అంటే నాకే, ఇవ్వాలని అత్తగారు ఎప్పుడో చెప్పిపెట్టిందనీ కోడలు చెప్పింది. విప్పకముందే అదేమిటో నాకు తెలిసిపోయింది. అట్ట సగం చిరిగిపోయి, పేరులో 'కడలి' అన్న ఒక్క మాటే మిగిలిన ఆ పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తెరవకుండానే కూర్చున్నాను.

నా ఈడువాళ్ళకు ఆ రోజుల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? ఉద్యోగం వచ్చిందంటే ట్రంకుపెట్టె, చాప, కిరసనాయిలు స్టవ్వు పట్టుకుని బస్సెక్కడమే. నన్ను వేసింది కాలవ కింద ఒక క్యాంపులోని కన్నడ బడికి. కోస్తా నుంచి వచ్చి, కాలవ నీళ్ళతో వరి పండించుకుంటున్న రైతుల ఊళ్ళను మా వైపు క్యాంపులంటారు. వాళ్ళదీ తెలుగే, మాదీ తెలుగే, కానీ నేను నోరు విప్పి "యాడుండాది" అన్నానంటే పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ ఇల్లాలిని ఊరంతా పిన్నిగారనేవారు. నాకు నోరు తిరగక మా అలవాటు ప్రకారం చిన్నమ్మా అన్నాను, ఆమె నన్ను పంతులమ్మా అంది, కడదాకా అవే పిలుపులు నిలిచిపోయాయి.

సముద్రం పక్క చిన్న పల్లె ఆమె పుట్టిల్లు. పొలం అమ్ముకుని ఇటు బయల్దేరిన రోజున వాళ్ళ అన్న ఈ పుస్తకాన్ని ఆమె పెట్టెలో పెట్టి, ఇందులో మన ఊరుంది, బెంగగా ఉన్నప్పుడు ఎవరిచేతనైనా చదివించుకో అన్నాడట. ఎవరో ఒక పెద్దమనిషి కోస్తా పొడుగునా కాలినడకన తిరిగి, చూసిందల్లా తీరిగ్గా రాసుకున్న పుస్తకం అది. ఏడాది తిరక్కుండానే ఆ అన్న పోయాడు. పుట్టింటి తరఫున ఆమెకు మిగిలింది ఆయనన్న ఆ మాట ఒక్కటే. ఆమెకు చదువు రాదు, క్యాంపులో చదవగలిగిన మగవాళ్ళకు వరిమళ్ళ నుంచి తీరిక లేదు, పిల్లలకు కన్నడం తప్ప చదవడం రాదు. అలా పదిహేనేళ్ళపాటు పుస్తకం పట్టుచీర మడతల్లోనే ఉండిపోయింది.

నేను చదివిందీ కన్నడమే. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బళ్ళో కన్నడం రాస్తాం, బళ్ళారిలో చాలామంది సంగతి అదే. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళే కదా, కూడబలుక్కుంటే అదే వస్తుందని ధీమాగా పుస్తకం అందుకుని అట్ట మీది మాట చదివాను. మా వైపు కన్నడంలో కడ్లి అంటే శనగలు.

"చిన్నమ్మా, ఇది కడ్లి పంట పుస్తకం గదా! వరి పండించే మీకు ఇదెందుకు?"

ఆమె ముందు బిక్కమొహం వేసింది, తర్వాత సంగతి అర్థమై, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "శనగలు కాదు పంతులమ్మా, సముద్రం! కడలంటే సముద్రమే!" అక్షరం రాని మనిషి దగ్గర టీచరు నేర్చుకున్న మొదటి తెలుగు పాఠం అది.

ఇక రోజూ బడి వదలగానే అరుగు మీద మా చదువు సాగేది. ఆమె చేటలో బియ్యం ఏరుతుండేది, నేను ఒక్కో అక్షరం తడుముకుంటూ సరుగుడు తోటల్లో గాలి, ఉప్పుమళ్ళ తెల్లదనం, మొగలిపొదల పక్క ఇసుక బాట చదువుతుండేదాన్ని. నేను మాటలు చదివితే వాసనలు ఆమె చెప్పేది. అప్పటికి నేను చూసిన పెద్ద నీళ్ళంటే ఆ కాలవే. అయినా పొద్దువాలుతుండగా వరిచేల మీద గాలి లేస్తే, మేమిద్దరం ఎక్కడ కూర్చున్నామో నాకే తెలిసేది కాదు. ఆ రెండేళ్ళూ నేను కాలవ గట్టున ఉన్నానో కడలి ఒడ్డున ఉన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆమెకు తెలిసిన ఊళ్ళు ఒక్కొక్కటే రావడం మొదలైంది: మేనత్త ఊరు, సంత జరిగే ఊరు. ప్రతిరోజూ లేచేముందు ఒకటే అడిగేది, "మా ఊరు ఇంకా రాలేదా?"

ఆత్రం పట్టలేక ఒకరోజు పుస్తకం బడికి తీసుకెళ్ళి, మధ్యాహ్నం సెలవులో ఇంకా చదవని పేజీలు తిరగేశాను. ఆ ఊరి దాకా వచ్చేసరికి ఆ పెద్దమనిషికి జ్వరం తగిలింది. ఎడ్లబండిలో ముసుగుదన్ని పడుకున్నాడు, కళ్ళు తెరిచేసరికి బండి ఏరు దాటి రెండు ఊళ్ళు ముందుకు వెళ్ళిపోయింది. చిన్నమ్మ ఊరు పుస్తకంలో లేదు. లేదని చెబితే పోయిన అన్న మాట అబద్ధమైపోతుంది. ఆ మాట అనే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ సాయంత్రం జ్వరం పేజీ ఎదురుగా పెట్టుకుని, అందులో లేని ఊరిని చదివేశాను. ఆమె చెప్పిన ముక్కలే ఆమెకు తిరిగి చెబుతూ నావలు, ఎండబెట్టిన వలలు, తాటాకు ఇళ్ళు అన్నీ పేర్చాను. కానీ ఒడ్డున తెల్లవారేచోట నా కాళ్ళు తిన్నగా రూపనగుడిలో మా తాత శనగచేలోకి వెళ్ళిపోయాయి. మా వైపు సాయంత్రం శనగచేల మీద పల్చటి గుడ్డ పరిచి, తెల్లారి మంచుతో తడిసిన ఆ గుడ్డను పిండితే పుల్లటి నీళ్ళొస్తాయి, కడుపునొప్పికి మందుగా దాచుకుంటారు. ఆ చేలో నడిస్తే కాళ్ళు చురచురలాడతాయి. అదంతా నోట్లోంచి దొర్లిపోయింది: తెల్లవారి కడలి గాలికి పెదవులు తడిసి పుల్లగా తగిలాయి అనేశాను. సముద్రం ఉప్పని చంటిపిల్లలకూ తెలుసు. నాలుక కరుచుకున్నాను గానీ, అచ్చులో ఉందన్నట్టు చదివేసినదాన్ని మళ్ళీ మార్చలేను కదా!

ఆమె చేట పక్కన పెట్టి, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "మా ఊరే. అచ్చం మా ఊరే" అంది. తర్వాత వారానికోసారైనా ఆ పేజీయే చదవమనేది. నేనూ ఒక్క మాట తప్పకుండా, ఆ పులుపుతో సహా ఒప్పజెప్పేదాన్ని.

బదిలీ అయి వచ్చేశాక తెలుగు బాగా పట్టుబడింది. తీరాల వెంట తిరిగినవాళ్ళ పుస్తకాలు ఎక్కడ దొరికినా కొనేదాన్ని, అలమరలో రెండు అరలు అవే. సముద్రాన్ని మొదటిసారి చూసిన రోజున దోసిట్లో నీళ్ళు తీసుకుని నాలుకకు తగిలించుకున్నాను. పులుపు లేదు. నవ్వొచ్చింది, వెంటనే దిగులేసింది. ఒక అమాయకురాలిని మోసం చేశానన్న ముల్లు అన్నేళ్ళూ నాలో ఉండిపోయింది.

మొన్న చివరికి పుస్తకం తెరిచి జ్వరం పేజీకి వెళ్ళాను. క్యాంపులో పెద్దవాళ్ళకు సాయంకాలం బడి పెట్టారనీ, చిన్నమ్మ పలక పట్టుకుని వెళ్ళేదనీ ఎప్పుడో విన్నాను గానీ అంతగా పట్టించుకోలేదు. అంచున పెన్సిలుతో, పెద్ద పెద్ద వంకర అక్షరాలు: "పులుపు కాదు పంతులమ్మా ఉపు. నాకు అపుడే తెలుసు. అయినా మా ఊరే."

ఇప్పుడు క్యాంపు పిల్లలు ఊరి పేరు కొడితే చాలు, అలల చప్పుడుతో సహా సముద్రం ఫోనులోకి వచ్చేస్తుంది. మంచిదే, కాదనను. ఒక పేజీ కోసం పదిహేనేళ్ళు ఎదురుచూడాల్సిన అవస్థ ఎవరికీ వద్దు. కానీ పక్కన కూర్చుని, తప్పని తెలిసీ, చదివే మనిషి చిన్నబోకుండా మళ్ళీ మళ్ళీ చదవమని అడిగేవాళ్ళు ఇక నాకు దొరకరు.

ఉప్పులోనూ, అప్పుడులోనూ ప కింద వత్తు లేదు. జీవితమంతా పిల్లల తప్పులు దిద్దిన చెయ్యి కదా, దానంతటదే ఎర్ర పెన్ను వెతికి మూత తీసింది. కాసేపు అలాగే పట్టుకుని, మళ్ళీ మూత పెట్టేశాను.