కోతుల గురించి ఒక ప్రార్థన మనవి

ఆ రోజుల్లో నా దగ్గర ప్రతి ప్రశ్నకూ రెండు జవాబులుండేవి. ఒకటి వారమంతా వాడుకునేది, రెండోది ఆదివారం పొద్దున ఇస్త్రీ చీరతో పాటు బయటికి తీసేది. ఆ రెండూ ఒకదానికొకటి ఎదురుపడకుండా చూసుకోవడమే తెలివి అనుకునేదాన్ని. చేతిలో కొత్త ఎమ్మెస్సీ జువాలజీ పట్టా, ముక్కు మీద సోడాబుడ్డి కళ్లద్దాలు, మధురానగర్‌లో లేడీస్ హాస్టల్లో కిటికీ పక్క మంచం. ఇవీ నా ఆస్తిపాస్తులు. అమీర్‌పేటలో మెడికల్ ఎంట్రన్స్ కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. ఆదివారం పంజాగుట్టలో మా చర్చికి వెళ్లి సండే స్కూల్ పిల్లలకు బైబిలు కథలు చెప్పేదాన్ని. ఈ రెంటి మధ్య దూరం ఆటోలో కాసేపే (మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్వేసిన కాలం కాబట్టి ఆ కాసేపు చాలాసేపు పట్టేది). ఆ దారిలోనే నేను ఒక జవాబు మడిచి లోపల పెట్టేసి, రెండోది తీసుకునేదాన్ని.

నేను చెప్పే పాఠాలు మొదట్లో గుండె, మూత్రపిండాలు, జీర్ణవ్యవస్థ. వీటితో దేవుడికి పేచీ లేదు. ఇంతలో మా సెంటర్లో జీవపరిణామం చెప్పే సీనియర్ సారు పక్క బిల్డింగులోని కోచింగ్ సెంటర్‌కి మారిపోయారు. మా డైరెక్టర్ సారు నన్ను పిలిచి, "మేడమ్, గా ఎవల్యూషన్ చాప్టర్ సుత ఇగ మీరే చెప్పాలె. దాన్ల నుంచి మస్తు క్వశ్చన్లు వస్తయి" అన్నారు. నేను నసిగాను. "సార్, నాకు గుండె అయితే బాగా అలవాటు..." అన్నాను. "గుండె యాడికెళ్లి వచ్చింది మేడమ్? గదే చెప్పుండ్రి" అని ఆయన ఫోన్ ఎత్తేశారు. హాస్టల్‌కొచ్చి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. చదువుతుంటే పాఠం నాకు నచ్చింది. అసలు చిక్కు అక్కడే వచ్చింది. తిమింగలం ఒంట్లో, కండల లోపల, నడకకు పనికిరాని కాలి ఎముకలు దాక్కుని ఉంటాయని చదివినప్పుడు ఒళ్లు జలదరించింది (బైబిల్లో యోనా ప్రవక్తను మింగింది చేపా, తిమింగలమా అన్న గొడవ మా సండే స్కూల్లో అప్పటికే నడుస్తోంది). ఒకప్పుడు నేల మీద నడిచిన జంతువు నీళ్లలోకి వెళ్లిపోతూ కాళ్లను కడుపులో దాచుకుని పోయిందంటే, నాకెందుకో ఏడుపొచ్చింది. ప్రార్థన చేసుకుందామని మోకరించి, ఎలా మొదలుపెట్టాలో తెలియక లేచి పడుకున్నాను.

ఆ ఆదివారం సండే స్కూల్లో నోవహు ఓడ కథ, చెడిపోయిన లోకాన్ని దేవుడు వరదలో ముంచేసే కథ. జంతువులన్నీ జతలుజతలుగా ఎక్కాయని నేను చేతులు తిప్పుతూ చెబుతుంటే, ముందు వరసలో రెండు జడల పిల్ల లేచి, "టీచర్, మరి చేపలు ఓడ ఎక్కక్కర్లేదు కదా. అంటే చేపలన్నీ మంచివా?" అంది. వారం రోజుల ముందైతే "కూర్చో నాన్నా, అది వచ్చే వారం" అనేదాన్ని. ఆ రోజు మాత్రం నా కళ్లముందు చేపలన్నీ ఒడ్డెక్కి, రెక్కలు కాళ్లయి, కోచింగ్ సెంటర్ మెట్లెక్కి వస్తున్నట్టు కనిపించింది. పిల్లలకు బిస్కెట్లు ముందే పంచేసి గండం గట్టెక్కాను.

ఇక ఉండబట్టలేక, ఆ మధ్యాహ్నం చర్చి వెనక ఇంట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అమ్మగారి దగ్గరికి వెళ్లాను. (అయ్యగారంటే మా పాస్టరు గారు, అమ్మగారంటే వారి భార్య. మా వైపు చర్చిల్లో అలాగే పిలుస్తాం.) నేనూ నాలుగు కాయలు తీసుకుని ఈనెలు తీస్తూ, "అమ్మగారూ, నా మనసులో చిన్న కలత ఉందండీ. ఆదాము, కోతి, ఈ రెంటికీ పొంతన కుదరట్లేదు. మీలో మీరు ప్రార్థన చేసుకోండి" అన్నాను. "అయ్యో తల్లీ, దానిదేముంది, చేస్తాను" అన్నారావిడ. మంచి మనిషి. "మీలో మీరు" అన్న ముక్క చిక్కుడు తొక్కలతో పాటు చేటలోనే ఉండిపోయిందని నాకు అప్పుడు తెలియదు.

మా చర్చిలో ప్రసంగం తర్వాత ప్రార్థన మనవులు చదువుతారు. ఎవరి కష్టం ఏమిటో సంఘమంతా విని కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంది. తర్వాతి ఆదివారం అయ్యగారు వరసగా చదువుతున్నారు. ఒకరి పిత్తాశయం ఆపరేషను, ఒకరి బావిలో నీళ్లు, ఒకరి కొడుకు ఉద్యోగం. ఆ తర్వాత అదే గొంతుతో, "మన సండే స్కూల్ టీచరమ్మ కోతుల విషయంలో శోధనలో ఉంది. ఆమె విడుదల కోసం ప్రార్థిద్దాం" అన్నారు. సంఘమంతా "స్తోత్రం" అంది (శోధన అంటే మా చర్చి భాషలో సైతాను పెట్టే పరీక్ష). నేను కొంగు ముక్కుదాకా లాక్కున్నాను. నా వెనక వరసలో ఎవరో పక్కావిడను, "కోతులు కరిచాయా ఏంటి?" అని గుసగుసగా అడిగారు. "యూసుఫ్‌గూడ వైపు ఎక్కువగా ఉన్నాయంటండీ" అని ఆవిడ జవాబు.

ఆరాధన అయ్యీ అవగానే మిక్సీ తాతగారు పట్టుకున్నారు. ఈయన మా సండే స్కూల్ సూపరింటెండెంటు, సంఘ పెద్ద, బేగంపేటలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. చర్చిలో అందరి మిక్సీలూ ఆయనే బాగుచేస్తారు కాబట్టి ఆ పేరు. పక్కనే ఆయన భార్య మామ్మగారు చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడకు మతిమరుపు జబ్బు. ప్రతివారం నన్ను చూసి "ఈ అమ్మాయి ఎవరండీ?" అంటుంది. తాతగారు అమ్మగారి మిక్సీని బల్ల మీద పెట్టి, విప్పదీసి, తీగచుట్టలూ బ్రష్షులూ చూపించి, "ఏమ్మా, ఇది దానంతటది తయారైందంటావా?" అన్నారు. "లేదండీ" అన్నాను. "ఎవరో ఒక బుద్ధిమంతుడు ఆలోచించి చేశాడు. అవునా? మరి నీ కన్ను ఎంత గొప్ప యంత్రం, అదెలా వచ్చిందంటావు?" నేను సోడాబుడ్డి అద్దాలు సవరించుకున్నాను. నా కన్నును ఉదాహరణగా తీసుకుంటే ఆయన వాదానికే నష్టమని చెబుదామనుకున్నాను గానీ, పెద్దాయన కదా, ఊరుకున్నాను. ఆయన మిక్సీని మళ్లీ బిగించారు. అంతా అయ్యాక బల్ల మీద ఒక స్క్రూ మిగిలింది. ఆయన దాన్ని చూశారు, నేనూ చూశాను. స్విచ్ వేస్తే మిక్సీ చక్కగా తిరిగింది. ఆయన స్క్రూ తీసి చొక్కా జేబులో వేసుకుంటూ, "వచ్చే ఆదివారం అందరి ముందూ సాక్ష్యం చెప్పమ్మా, నీ నమ్మకం ఏమిటో. పిల్లల్ని నీ చేతిలో పెట్టాం. చెప్పలేకపోతే ఆ క్లాసు ఇంకెవరికైనా ఇవ్వాల్సి వస్తుంది" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నయంగా ఉండేది. ఆ పిల్లల క్లాసంటే నాకు ప్రాణం. ఆ ఊళ్లో నన్ను చూసి పరిగెత్తుకొచ్చేది వాళ్లొక్కరే.

ఇదిలా ఉండగా, మా బ్యాచ్‌లో ముందు బెంచీ అమ్మాయి వాళ్లమ్మ మా చర్చికే వస్తుందని నాకు తెలియదు. మర్నాడే డైరెక్టర్ సారు పిలిచారు. "కూసోండి మేడమ్. మన సిలబస్ మీద చర్చిల ప్రార్థన పెట్టిచ్చిండ్రంట?" అన్నారు. "సిలబస్ మీద కాదు సార్, నా మీద" అన్నాను. "ఎవరి మీదనైతేంది. పిల్లగాండ్లు పరేషాన్ అయితుండ్రు. మేడమ్‌కే డౌటుంటే ఆన్సర్ ఏం పెట్టాలె అంటుండ్రు. దేవుడు మీ ఇష్టం, నాకేం ఫికర్ లేదు. నేను సుత పొద్దుగాల పూజ చేసుకునే వస్త. కానీ జర క్లాసుల నిలబడి డౌట్ లేదని చెప్పుండ్రి. లేకుంటే చాప్టర్ వేరేటోళ్లకు ఇస్త."

అంటే నేను సోమవారం ఒక చోట నిలబడి ఒకటి చెప్పాలి, ఆదివారం ఇంకో చోట నిలబడి ఇంకొకటి చెప్పాలి. నిజానికి ఇన్నాళ్లూ చేస్తున్నది అదే కదా అని మీకనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ అడగకుండా చెప్పడం వేరు, నిలదీస్తే చెప్పడం వేరు. క్లాసులోకి వెళ్లి తిమింగలం కాళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టాను. చెబుతుంటే ఊపొచ్చింది. చివర్లో, "ఇందులో నాకు సందేహం లేదు. ఈ ఎముకలు అబద్ధం చెప్పవు. నా సందేహం వేరే, దేవుడు ఇదంతా చేస్తున్నప్పుడు ఎక్కడ నిలబడి ఉన్నాడా అని" అన్నాను. అప్పుడు ముందు బెంచీ అమ్మాయి పెన్ను ఎత్తి, "మేడమ్, ఇది కూడా నోట్స్‌లో రాసుకోవాలా?" అంది. "అక్కర్లేదమ్మా, పరీక్షలో రాదు" అన్నాను. డైరెక్టర్ సారు తలుపు దగ్గర్నుంచే "బరాబర్" అని వెళ్లిపోయారు.

సగం గండం గడిచింది. ఆదివారం నాడు తెల్లచీర కట్టుకుని, దారంతా ఆటోలో సాక్ష్యం బట్టీపట్టాను. చర్చిలో లేచి నిలబడేసరికి బట్టీపట్టిందంతా ఎగిరిపోయింది. పిల్లలు ముందు చాప మీద కూర్చుని నా మొహంలోకే చూస్తున్నారు. అబద్ధం చెబితే వాళ్లకు తెలిసిపోతుందనిపించింది. "కోతుల విషయం నిజమేననిపిస్తోందండీ. దేవుడున్నాడన్నదీ నిజమేననిపిస్తోంది. రెండూ ఒకే ఇంట్లో ఎలా కాపురం చేస్తాయో నాకు తెలియట్లేదు. ఇంకా ప్రార్థన చేయండి" అని కూలబడ్డాను. "స్తోత్రం" అనాలా వద్దా అని సంఘం అయ్యగారి వైపు చూసింది. అయ్యగారు పైకి చూశారు. పైనుంచి వెంటనే ఏమీ రాకపోవడంతో, "పాట పాడుకుందాం" అన్నారు. ఏం చేయాలో తోచనప్పుడు మా చర్చిలో పాట పాడతాం.

ఆ పాట మధ్యలో వినిపించింది, మామ్మగారి గొంతు. పుస్తకం లేకుండా, ఒక్క మాట తప్పకుండా, చరణం తర్వాత చరణం పాడుతోంది. పాట అయ్యాక ఆవిడ పక్కనున్న తాతగారి వైపు తిరిగి, మర్యాదగా, "మీరెవరండీ?" అంది.

ఆరాధన తర్వాత ఆయన నా దగ్గరికి వస్తుంటే, క్లాసు పోయిందనుకుని చాక్‌పీసుల డబ్బా చేతికిచ్చేయబోయాను. ఆయన తీసుకోలేదు. జేబులోంచి ఆ స్క్రూ తీసి అరచేతిలో తిప్పారు. "ఇది ఎక్కడిదో వారమంతా వెతికానమ్మా. దొరకలేదు. అది లేకుండా తిరుగుతూనే ఉంది" అన్నారు. తర్వాత మామ్మగారి వైపు చూస్తూ, "ఆవిడకు నా పేరు పోయింది, పాట పోలేదు. ఇది ఎవరు ఎలా ఆలోచించి చేసిన పనో నాకూ అర్థం కావట్లేదు. అందరి ముందూ అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. నువ్వడిగావు" అని, స్క్రూ నా చేతిలో పెట్టి, "పిల్లలు ఎదురుచూస్తున్నారు, వెళ్లు" అన్నారు. నాకు దుఃఖం ఆగలేదు. కళ్లద్దాలు తడిసి, అసలే అంతంతమాత్రం చూపు, ఎదురుగా ఉన్న బెంచీకి గుద్దుకున్నాను.

తాతగారు ఇప్పుడు లేరు. అమ్మగారి మిక్సీ ఉంది, తిరుగుతోంది. స్క్రూ నా పెన్నుల డబ్బాలో ఉంది. నేను ఇప్పటికీ వారమంతా తిమింగలాల కాళ్ల గురించీ, ఆదివారం ఓడ గురించీ చెబుతున్నాను. రెంటికీ ఈమధ్య ఒకే చీర కడుతున్నాను. చేపలన్నీ మంచివా అని ఏడాదికొక పిల్లో పిల్లాడో అడుగుతూనే ఉంటారు. "నాకు తెలియదు నాన్నా, నువ్వేమనుకుంటున్నావు?" అంటాను. బిస్కెట్లు మాత్రం ఆఖర్నే పంచుతాను. అప్పుడప్పుడు ఆ తెల్లచీర అమ్మాయి గుర్తొస్తుంది. తెలియదని చెప్పడానికి ఎంత వణికిపోయిందో పాపం. ఇప్పుడు వణుకు పోయింది. తెలియకపోవడం మాత్రం అలాగే ఉంది.