తెర మీద తెల్లమచ్చ

నెలసరి ఆగి నాలుగేళ్ళయిన మా తోడికోడలికి మళ్ళీ మరకలు కనిపిస్తున్నాయని నాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది. ఒకే ఇల్లు, ఒకే వంటగది మాది. పొరుగింటి పిల్లి ఈనిన కబురు కూడా గంటలో మోసుకొచ్చే మనిషి, ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. లోపల కెమెరాతో చూడాలని డాక్టరు అన్నాక అసలు కదలనంది.

"ముందు ఆ పరీక్షబల్ల నేనెక్కుతా అక్కా. నేనూ ఎప్పుడూ చూపించుకోలేదుగా. నువ్వు పక్కన తెర మీద టీవీలా చూస్తూ కూర్చో," అన్నాను.

మంగళగిరి నుంచి ఆటోలో ఆసుపత్రికి వస్తూ దారంతా ఆవిణ్ణి నవ్వించబోయాను. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ దాటేలోపు చెరువులో వేసిన రొయ్యపిల్లలు పెరిగి పట్టుబడికొచ్చేస్తాయన్నాను.

లోపల పెడతారనుకున్నాం గానీ, ఆ కెమెరా యంత్రం మనల్ని ముట్టుకోదు. ఎడంగా స్టాండు మీద నిలబడి, ఆటోనగర్‌లో లారీలకు బిగించే హెడ్‌లైటంత దీపం వేసి, భూతద్దంలోంచి చూస్తుంది. చూసిందంతా పక్కనున్న తెర మీద పడుతుంది. యాభై ఏళ్ళుగా నాతోనే ఉన్న గర్భాశయ ముఖద్వారాన్ని మొదటిసారి చూశాను. గులాబీ రంగులో, తడిగా మెరుస్తూ, గుమ్మడికాయంత. దీనికి టికెట్టు పెట్టొచ్చని డాక్టరుగారితో అన్నాను. ఆవిడ నవ్వి, వెనిగర్ లాంటి ద్రవం దూదితో అద్ది, ఒక్క నిమిషం ఆగాలన్నారు.

దేన్నైనా పదింతలు చేసి చెప్పడం నాకలవాటు. ఆ నిమిషానికి మాత్రం నేనేమీ కలపక్కర్లేదు. గులాబీ మీద ఓ మూల బియ్యపుగింజంత తెలుపు తేలింది. డాక్టరుగారి నవ్వు ఆగింది. దీపాన్ని ఆకుపచ్చకు మార్చి, నల్లటి గీతల్లా కనపడే రక్తనాళాలను చాలాసేపు చూశారు.

"ప్రతి తెలుపూ జబ్బు కాదండీ. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిద్దాం."

తల తిప్పితే, ఇంటి నుంచే కదలనన్న అక్క రెప్ప వేయకుండా ఆ గింజనే చూస్తోంది. నేను దిగగానే, పిలవకముందే బల్ల దగ్గరికి వెళ్ళింది.

"నన్నూ చూసెయ్యండి. మూణ్ణెల్ల బట్టీ మరకలవుతున్నాయి."

ఆవిడ తెలుపు గింజంతతో ఆగలేదు. నేను ఆవిడ పాదం పట్టుకుని నిలబడ్డాను.

రెండు ముక్కలూ రెండు సీసాల్లోకి వెళ్ళాయి. ఇంటిపేరూ, పేరులో మొదటక్షరమూ మా ఇద్దరికీ ఒకటే. చీటీలు అంటిస్తున్న నర్సును అక్క ఆపింది.

"తారుమారైతే నా జబ్బు కూడా తనదేనని ఊరంతా చెప్పుకుంటుందమ్మా ఇది. పెద్దకోడలు, చిన్నకోడలు అని కూడా రాయి."

నర్సు నిజంగానే రాసింది.

రిపోర్టుల్లో చిన్నకోడలిది ఉత్త వాపేనని వచ్చింది. పెద్దకోడలిది ఇంకా క్యాన్సరు కాలేదు, వదిలేస్తే కావచ్చన్నారు. ఆ భాగం ఎప్పుడు తీయించుకుంటారని డాక్టరుగారు నన్నడిగారు. వచ్చే సోమవారమేనని అక్కే చెప్పింది.