మా నాన్న కొన్న గది పడవ

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం పొద్దున్నే ఉక్కు కార్ఖానా వాళ్లు కద్మాలో ఇచ్చిన మా క్వార్టరు ముందు ట్రక్కు ఆగింది. దాని మీద ఒక పాత ఫైబర్ పడవ. మామూలు పడవ కూడా కాదు... ముందు భాగంలో చిన్న గది, దానికి రెండు కిటికీలు. ఏదో క్లబ్బు వాళ్లు చెరువులో తిప్పినన్నాళ్లు తిప్పి, పాడయ్యాక వేలం వేస్తే మా నాన్న పాడుకొచ్చాడు. మోటారు ఎప్పుడో పీకేశారు. అడుగున మూరెడు పగులు.

నాన్న ఆ కార్ఖానాలో ఫిట్టరు. పొట్ట చేత పట్టుకుని శ్రీకాకుళం వైపు నుంచి ఆ హిందీ ఊరికి వచ్చినవాళ్లం.

"ఏటి మావా ఇది?" అంది అమ్మ, చేతిలో చీపురు అలాగే పట్టుకుని.

"పడవే. బాగుసేత్తే ఇల్లే."

"ఇల్లుండగా ఇంకో ఇల్లేటి?"

"ఈ క్వార్టరు మనదేటే? రిటైరైన్నాడు కాళీ సేసి పోవాల. ఇదొక్కటే మనది."

మా ఇంటి ఆదివారాలు ఆ రోజుతో పోయాయి...

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. పడవ బాగుచేసి చూడమని ఎవరూ ఎందుకు అనలేదో నాకు తెలియదు. పెరడంతా అదే. అమ్మ బట్టలారేసుకునే తీగ కూడా పోయింది. గరుకు కాగితంతో పాత రంగు గీకడం అమ్మ పని, నా పని. ఆ పొడి ఒంటికి తగిలితే దురద... గోకినకొద్దీ మంట. అమ్మ నాకు కొబ్బరినూనె రాసి, తనూ రాసుకుని, ఆ బట్టలు విడిగా నానబెట్టుకునేది. నాన్న డ్యూటీ దిగి, టీ తాగి, మళ్లీ పడవ కింద దూరేవాడు. పుచ్చిపోయిన చెక్క తీసి కొత్త నేల వేశాడు. కిటికీలకి రబ్బరు మార్చాడు. "అరే భాయ్, బాఢ్ ఆ రహీ హై క్యా?" అని పక్క క్వార్టరాయన గోడ మీంచి అడిగేవాడు, వరదొస్తోందా ఏంటి అని. నాకైతే ఆ పడవంటే ఒళ్లుమంట.

పగులుకి ఫైబర్ గుడ్డ పరిచి, రసాయనం పూసి అతకాలని వేలం దగ్గర చెప్పే పంపారట. నాన్నకి నమ్మకం కుదరలేదు. "గుడ్డ అతికిత్తే నీళ్లాగుతాయేటి?" అన్నాడు. ఉక్కు ఊళ్లో బతికేవాళ్లకి ఇనుముంటేనే ధీమా. లోపల ఒక ఇనప పలక పెట్టి బోల్టులు బిగించాడు.

నాన్నతో పనిచేసే అప్పన్న బాబాయి వచ్చి చూశాడు. "ఒక్కటేటన్నా, ఆ పక్కన కూడా ఎట్టీ... గట్టిగుంటాది."

ఇంకో పలక. అంచుల వెంబడి ఇనప యాంగిళ్లు. వచ్చినవాడల్లా ఒక సలహా, సలహాకో ఇనప ముక్క. పడవని పట్టుకుని కుదిపి చూసి, కదలకపోతే అందరూ సంతోషించేవారు...

వానలు తగ్గాక ఊరి పక్కనున్న ఖర్‌కాయి ఏటి ఒడ్డుకి తీసుకెళ్లాం. అమ్మ పడవకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. వెదురు గెడ పట్టుకుని నాన్న ఒక్కడే ఎక్కాడు. అందరూ కలిసి నెట్టారు.

తేలింది... కాసేపే. బోల్టు కన్నాల్లోంచి నీళ్లు ఊరడం మొదలైంది. అసలే మోయలేనంత బరువు. మా కళ్ల ముందే, అలిసిపోయిన మనిషి కూలబడ్డట్టు మెల్లగా ఇసుకలో కూర్చుండిపోయింది.

ఎవరూ నవ్వలేదు. అప్పన్న బాబాయి తల దించుకుని బీడీ వెలిగించాడు. నాన్న మాత్రం బయటికి రాలేదు. ఆ గదిలో బల్ల మీద, పాదాలు నీళ్లలో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. అన్నాళ్లూ ఆ పడవని తిట్టుకున్నదాన్ని, నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు అమ్మ కుచ్చిళ్లు ఎగదోపుకుని, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర గిన్నె నెత్తిన పెట్టుకుని నీళ్లలోకి దిగింది. పడవెక్కి నాన్న దగ్గరికి వెళ్లింది.

లెమ్మని అనలేదు. "జరుగు మావా... మనిల్లే కదేటి, కూకుని తిందాం" అంది. "ఒలే, నువ్వూ రాయే" అని నన్నూ పిలిచింది.

నీళ్లలో కాళ్లు వేలాడేసుకుని ముగ్గురం తిన్నాం. నాన్న తింటూ తింటూ ఏడ్చాడు. అమ్మ చూడనట్టే ఇంకాస్త వడ్డించింది.

పడవని మళ్లీ ఒడ్డుకి లాగే ఓపిక ఎవరికీ లేకపోయింది. మరుసటేడు వానలకి ఏరే తీసుకుపోయింది.

ఇప్పుడు నాకు సొంత ఫ్లాటు ఉంది. అందులో ఎవరి గదిలో వాళ్లం, ఎవరి వేళకి వాళ్లం తింటాం. ఎవరైనా కూలబడితే "ఏమైంది" అని గుమ్మంలోంచే అడుగుతాం... లోపలికెళ్లి పక్కన కూర్చునే ఓపిక ఏమైపోయిందో తెలియదు.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు సెలవులన్నీ ధారపోసి చేసి, చివరికి ఎందుకూ కొరగాకుండా పోయిన వస్తువు ఉండే ఉంటుంది. అదేమిటో చెప్పండి... ఆ రోజు వాళ్ల పక్కన ఎవరు కూర్చున్నారో అది కూడా చెప్పండి.