మాధవరంలో గుక్కెడు నీళ్లు

మలేషియా నుంచి వచ్చి, వాషర్‌మెన్‌పేట్‌లో పిన్నివాళ్లింట్లో కొన్నాళ్లుండి, సైకిల్ మీద ఒంటరిగా దేశం చూడటానికి బయల్దేరాను. గుమ్మం దాటుతుండగా పిన్ని తుమ్మింది. “కాసేపు కూర్చుని, నీళ్లు తాగి పోవే” అని బతిమాలింది. నవ్వేసి వచ్చేశాను.

మాధవరం చేరేసరికి ఆ నవ్వు పోయింది. చైను రెండుసార్లు ఊడింది. ఒక లారీ మోచేతికి రాసుకున్నంత దగ్గరగా పోయింది. బస్టాపు దగ్గర ఆగిపోయాను. ముందుకు పోయే ధైర్యం లేదు, వెనక్కి పోవడానికి మొహం చెల్లదు.

“ఏం పాపా, అట్లుండావు?” అంది బస్సు కోసం కూర్చున్న ఒక అవ్వ. తుమ్ము సంగతి చెప్పేశాను. ఆమె నవ్వలేదు. పక్కకు జరిగి, తన నీళ్ల సీసా ఇచ్చింది.

“సరి, ఈడ కూర్చో. తాగు. ఇందాకటిది లెక్కలేదు. ఇప్పుడు ఈడ్నుంచే బయల్దేరతా ఉండావు.”

తాగి లేచాను. అంతలో ఆమె బస్సు వచ్చింది. ఆమె ఎక్కలేదు. కొంగుతో ముక్కు గట్టిగా మూసుకుని, పొమ్మని నాకు చెయ్యి ఊపింది. మలుపులో తిరిగి చూస్తే ఇంకా అలాగే నిలబడి ఉంది.

ప్రయాణం ఎక్కడ మొదలుపెట్టావని ఎవరడిగినా మాధవరం అనే చెబుతాను. పిన్నికి ఇప్పటికీ కోపమే.