ప్రొద్దుటూరు నుంచి రోడ్డు అవతలికి

పులివెందులలో మా అక్కకు కంటి ఆపరేషన్ అయింది. కట్టు విప్పించుకోవాలి, ఆస్పత్రికి తోడు రమ్మని ఫోన్ చేసింది. ఆస్పత్రి ఎక్కడంటే, "మా ఇంటికి ఎదురుగానే, రోడ్డుకు అవతల" అంది. దానికి ప్రొద్దుటూరు నుంచి నేనెందుకో అర్థం కాలేదు. ఒంటిగంటకు డాక్టరు వెళ్ళిపోతాడట, ఆలోపే రమ్మంది.

ఉదయం ఏడున్నరకు బస్సెక్కాను. నేరుగా వెళ్ళే బస్సు తప్పిపోయి జమ్మలమడుగు మీదుగా వెళ్ళాల్సి వచ్చింది. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక సలహా: డ్రైవరు వెనక సీట్లో కూర్చోవద్దు, అక్కడి నుంచి రోడ్డు కనిపిస్తుంది. సైకిలు మీద గడ్డిమోపుతో పోతున్న ముసలాయన ఒకడు, మా హారను వినగానే వెనక్కైనా చూడకుండా సైకిలుతో సహా కంపచెట్లలోకి దిగిపోయాడు. కొంచెం నిదానంగా పోకూడదా అన్నాను డ్రైవరుతో.

"హారను కొట్నా గదప్పా," అన్నాడు. ఆ తర్వాత జరిగేది అతని పూచీ కాదు.

జమ్మలమడుగులో ఉగ్గాని, బజ్జి బాగున్నాయి. రోడ్డంచున చేయి కడుక్కుంటుండగా ఎదురుదిశలో వచ్చిన మోటారుసైకిలు నా మోచేతిని రాసుకుని ఆగింది. తప్పుదారిలో వస్తున్నావు నాయనా అంటే ఆ మనిషి నొచ్చుకున్నాడు. "దూరం పోల్యా మామా, ఈడికే." దగ్గరికి వెళ్ళేవాళ్ళకు రోడ్డు నియమాలు వర్తించవని నేనే మరిచిపోయాను.

ముద్దనూరు మీదుగా పులివెందుల చేరి, పన్నెండుకు అక్క చేయి పట్టుకుని రోడ్డంచున నిలబడ్డాను. ఆస్పత్రి బోర్డు చదవగలిగేంత దగ్గర. జీబ్రా గీతలు కూడా ఉన్నాయి, వాటి మీద ఆటోలు నిలిపారు. ఒక అడుగు వేస్తాం, లారీ అరుస్తుంది, వెనక్కి వస్తాం. కారు ఆగిందని సంతోషిస్తే దాని పక్కనుంచి బైకు దూసుకొస్తుంది. అక్కకు ఒక కన్ను కట్టు కింద, రెండోది అంతంతమాత్రం. నాకు కోపమూ భయమూ కలిసి వచ్చాయి. పన్నెండున్నర దాటింది.

అప్పుడు తప్పెట్లు వినిపించాయి. శవాన్ని మోసుకొస్తున్నారు. లారీ ఆగింది. కార్లు ఆగాయి. బైకులవాళ్ళు కాలు కింద మోపి నమస్కారాలు పెట్టారు. ఇంత మర్యాద మా రోడ్ల మీద ఉందని నాకు తెలియదు. "పా అబ్బీ" అని అక్క నన్ను లాక్కుపోయింది. మాతోబాటు బడిపిల్లలు, పాలక్యాన్లవాళ్ళు, అందరూ శవం వెనకే రోడ్డు దాటారు.

"ఎవరక్కా పోయింది?"

"సైకిలు మీద కూరగాయలు తెచ్చే ఆయప్ప. మొన్న ఈడ్నే, రోడ్డు దాటతా."

ఒంటిగంటలోపే ఆస్పత్రి మెట్లెక్కాం.

కట్టు విప్పారు. చూపు బాగుంది. బయటికొచ్చి అక్క రోడ్డు వంక చూసింది. "లారీలు శానా బాగా కనపడతాండాయి," అంది.

తిరిగి ఎట్లా దాటుతావంటే, "దినామూ ఒకరు సావల్లంటే యాడైతాది?" అని నిట్టూర్చింది.

అంతలో ప్రొద్దుటూరు బస్సు మలుపు తిరిగి, మా బస్సుల ఆచారం ప్రకారం రోడ్డుకు అడ్డంగా ఆగింది. రెండువైపులా బండ్లు నిలిచిపోయాయి. అక్కను పొమ్మని సైగ చేసి, ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి, రెండోది నేల మీదే ఉంచాను. బోర్డు మీద రాసి ఉన్నా, ప్రొద్దుటూరుకు పోతుందా అని కండక్టరును అడిగాను. ఎర్రగుంట్ల మీదుగానా అని అడిగాను. సీట్లున్నాయా అన్నాను. హారన్లు చెవులకు చిల్లులు పొడుస్తున్నాయి.

"ఎక్కుతావా లేదా మామా, రోడ్డంతా నిల్చిపాయె," అన్నాడు కండక్టరు.

"మోకాళ్ళ నొప్పి నాయనా," అన్నాను.

బస్సు ముందునుంచి అక్క నిదానంగా నడిచి వెళ్ళి, తన ఇంటి మెట్టెక్కి, నా వైపు తిరిగింది. అప్పుడు రెండో కాలు పైన పెట్టాను.