సముద్రానికి ఆరేసిన చీర

మా బావ పోయాడన్న సంగతి అక్క ఫోనులోనే తెలిసింది. బెల్లం మార్కెట్లో ఆ పూట వేలం ఇంకా మొదలు కాలేదు. దిమ్మల మధ్య నిలబడి ఫోను ఎత్తాను. "తమ్ముడా, మీ బావని ఎంత లేపినా లేవట్లేదురా. నువ్వోపాలి రా," అంది. ఆ గొంతులో ఏడుపు లేదు. పడుకున్న మనిషికి మెలకువ వస్తుందేమోనని మెల్లగా మాట్లాడినట్టుంది. నేను వెళ్లేసరికి మేడ మీద నవారు మంచంలో, సముద్రం ఉన్న వైపు మొహం తిప్పి, ఎప్పటిలాగే పడుకుని ఉన్నాడు.

బెల్లం కొట్లో రోజు లెక్కలు రాసే చెయ్యి నాది. బడిలో చదువు ఎక్కువ సాగలేదు, వచ్చిన రాత చూసి చూసి నేర్చుకున్నదే. ఆయన్ని ఎరగని వాళ్లకి కూడా ఆయన కాస్త తెలియాలనిపించి రాస్తున్నాను.

మా బావ సరంగు. అంటే పడవ నడిపేవాడు. అయితే ఆయన నడిపింది చేపల పడవ కాదు. విశాఖలో ఒక కాంట్రాక్టరు గారికి సొంత షికారు పడవ, యాట్, ఉండేది. రెండు ఇంజిన్లు, లోపల ఏసీ గదులు, తెల్ల తోలు సోఫాలు. బావ దాన్ని లాంచి అనే అనేవాడు. కాంట్రాక్టరు గారికి సముద్రమంటే ఇష్టమే గాని, పడవ ఊగితే కడుపులో తిప్పేది. అందుకని ఆయన కొచ్చికి విమానంలో వెళ్లేవారు. ఆయన వెళ్లే నాటికి లాంచి అక్కడ ఉండాలి. తుపాన్ల కాలం దాటాక బావ దాన్ని తీరం వెంబడి దక్షిణానికి తీసుకెళ్లేవాడు, ఎండలు ముదరకముందే తిరిగి తెచ్చేవాడు. అంత వైభోగంలోనూ తిరిగింది మా బావా, ఇంజిన్ చూసుకునే ఒక ఒరియా మనిషీ. యజమాని మంచం మీద ఆయన ఒక్క పూట కూడా నడుం వాల్చలేదు. "దుప్పటి మార్సడానికే ముట్టుకుంతాను బావా," అనేవాడు నాతో. ఆయనా నన్ను బావా అనే పిలిచేవాడు.

ఆయన పుట్టింది కొండకర్లలో. రెండు తాటి దోనెలు పక్కపక్కన కట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో కాలు పెట్టి, గెడతో తోసుకుంటూ అక్కడి పెద్ద చెరువు ఆవలో తామరాకులు కోసేవాడట. సముద్రం మీదికి వెళ్లినా ఆ నిలబడటం మారలేదు. ఇంట్లో గడ్డం గీసుకునేటప్పుడు కూడా కాళ్లు ఎడంగా పెట్టి, కింద గచ్చు ఊగుతున్నట్టే నిలబడేవాడు. గ్లాసు నిండా నీళ్లు పోయనిచ్చేవాడు కాదు. బల్ల అంచున ఏదైనా ఉంటే నడుస్తూ నడుస్తూనే లోపలికి జరిపేవాడు. మా ఇంటికి వచ్చి వెళ్లాక చూస్తే డబ్బాలూ సీసాలూ అన్నీ గోడకి ఆనుకుని ఉండేవి.

ఇక చీర సంగతి చెప్పాలి.

లాంచి మీద చేరిన కొత్తలో అక్క ఆయన్ని ఒకటే కోరింది, మన ఊరు దాటేటప్పుడు ఫోను చెయ్యమని. మా ఊరు అనకాపల్లికి సముద్రం లేదు. పూడిమడక తీరం బస్సులో గంట ప్రయాణం. అయినా పూడిమడక ఎదురుగా రాగానే బావ ఫోను చేసేవాడు. "ఏమే, మన ఈది లోంచి ఎల్తన్నాను. తలుపు తియ్యి," అనేవాడు. అక్క చేతిలో పని అక్కడే వదిలేసి మేడ ఎక్కి, పిట్టగోడ మీద ఒక ఎర్ర నూలు చీర పరిచేది.

"కనిపిత్తందా మావా?"

"ఎందుకు కనిపించదు? ఎర్రగా కనిపిత్తంది."

ప్రతిసారీ ఇవే మాటలు. ఎదురింటావిడ నవ్వేది. "ఏటప్పా, సముద్రానికి సీర ఆరేత్తన్నావా?" అక్క చీర ముడతలు సర్దుకునేది. ఆ చీర కట్టుకోవడం ఎప్పుడో మానేసింది, దీనికోసమే ఉంచింది. ఎండకి అది మెల్లగా వెలిసి, ముందు గులాబీ రంగుకి, తరవాత ఏ రంగూ చెప్పలేని రంగుకి వచ్చింది. ఫోనులో బావకి మాత్రం ఎర్రగానే కనిపించేది.

ఆ మేడకీ సముద్రానికీ మధ్య ఎన్ని కొండలున్నాయో, ఎన్ని పొలాలూ ఊళ్లూ ఉన్నాయో నాకు తెలుసు. ఒకసారి అడిగేశాను. "నిజంగా కనిపిస్తుందా బావా?"

"నువ్వు లెక్కల మనిషివి. నీకు సెప్పినా అర్తం కాదు," అన్నాడు.

కొన్నాళ్లకి కాంట్రాక్టరు గారు ఆ యాట్ అమ్మేశారు. ఆఖరిసారి కొచ్చి నుంచి విశాఖ తెచ్చి అప్పగించమన్నారు. ఈసారి ఇంటావిడని కూడా ఎక్కించుకోమన్నారు. ఆ మాట చెప్పడానికి బావ మార్కెట్ దాకా పరుగున వచ్చాడు. "తమ్ముడొత్తేనే నానొత్తాను," అంది అక్క. అలా నేనూ బయల్దేరాను.

కొచ్చి రైలుకి వెళ్లే ముందు అక్క మేడ ఎక్కి, పిట్టగోడ ఇనప చువ్వలకి ఆ చీర రెండు కొసలూ రెండేసి ముళ్లు వేసి కట్టింది. కిందికి దిగి, "మన ఊరు దాటినప్పుడు ఈపాలి నాను కూడా సూత్తాను," అంది. సంచీ భుజాన వేసుకుంటున్న బావ చెయ్యి ఆగిపోయింది. అంతవరకూ ఉన్న సంబరం ఆ మొహంలోంచి దిగిపోవడం నేను చూశాను.

లాంచి ఎక్కగానే అక్క ముందు గుమ్మం కోసం వెతికింది. "ఇంత కట్టినోడు ఒక గడప ఎట్టలేకపోయాడా?" అని, చివరికి చుక్కాని గది అంచుకి పసుపు రాసి బొట్టు పెట్టింది. తెల్ల సోఫాలో కూర్చోలేదు. వంటగదిలో కింద గోనె పరుచుకుని, తను తెచ్చుకున్న కత్తిపీట మీద ఉల్లిపాయలు కోసింది. "సెప్పుకుంటే సిగ్గు, ఇంత లాంచీలో నూరుకోడానికి ఒక పొత్రం లేదు," అని బావని సాధించింది. బావ నవ్వాడు గాని, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఆ రోజులు నాకు ఇప్పటికీ కలలో జరిగినట్టే ఉంటాయి. కన్యాకుమారి మలుపు తిరిగాక ఒడ్డు ఎప్పుడూ ఎడమ చేతి వైపే ఉండేది. గోపురాలు వచ్చేవి, కొబ్బరి తోటలు వచ్చేవి, ఇసుక మీద పిల్లల అరుపులు సన్నగా వినిపించి ఆగిపోయేవి. ఏ ఊరి పేరూ అడగబుద్ధి కాలేదు. పొద్దుటి పూట ఒడ్డు నుంచి కట్టెల పొగ వాసనా, ఎండు చేపల వాసనా వచ్చేవి. అక్క వాసన పట్టి, "ఇక్కడ ఎవులో మినప్పప్పు ఏయించుతున్నారు," అనేది. మధ్యాహ్నం నీళ్లు కరిగిన గాజులా కదలకుండా ఉండేవి. ఇంజిన్ల మోత కూడా చెవికి అలవాటై వినిపించడం మానేసేది.

"మనం ఎల్తన్నామనుకుంతాం గాని బావా, ఒడ్డే మనల్ని దాటుకుని ఎల్తాది," అన్నాడు బావ ఒక సాయంత్రం. ఆ మాట ఆయన అంతకుముందు చాలాసార్లు అన్నదే. లాంచి మీద విన్నాక అది మాట కాదు, కంటికి కనిపించేదే అనిపించింది. ఆయనది మరో మాట కూడా ఉండేది. "ముందు ఆయిలు సూడాల, తరవాతే ఆకాశం." రోజూ అదే వరసలో చూసేవాడు.

కాకినాడ దగ్గర లంగరు వేసిన సాయంత్రం అక్క చేపల పులుసు కలుపుతుంటే బావ నన్ను ముందుకు పిలిచాడు.

"బావా, రేపు మనూరొత్తాది."

"అవును."

"మీ అక్క బైనాక్యులర్ అట్టుకుంతాది. ఏటి సెప్పీది?"

"ఉన్నది చెప్పెయ్ బావా. అక్క ఏమీ అనుకోదు."

"అనుకోదు. అదే బయం," అన్నాడు. "ఇన్నేళ్లూ అది మేడెక్కింది, పరిసింది. నాను నోటితో కనిపించిందన్నాను, అంతే కద. ఇప్పుడా మెట్లన్నీ దానికి ఉత్తినే ఎక్కినట్టయిపోతాయి."



మర్నాడు ఎండ బాగా పడ్డాక పూడిమడక ఎదురుగా వచ్చాం. బావ ఇంజిన్లు నెమ్మది చేశాడు. పరవాడ కరెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు సన్నగా నిలబడి ఉన్నాయి. వాటి వెనక నీలం కొండలు, వాటి వెనక ఇంకా పలచటి నీలం కొండలు. గాలి ఒడ్డు మీంచి వస్తోంది. నాకు బెల్లం కాస్తున్న వాసన వచ్చినట్టయింది. బావతో చెబితే, "డీజిలు," అన్నాడు. మామూలుగా అయితే నవ్వేవాడు.

అక్క చెయ్యి తుడుచుకుని వచ్చింది. "ఏ పక్కన మావా?"

బావ చూపుడు వేలు ఎత్తాడు. "ఆ రెండు కొండల మద్దిన," అన్నాడు.

అక్క బైనాక్యులర్ కళ్లకి ఆనించుకుంది. చాలాసేపు చూసింది. లాంచి మెల్లగా ఊగుతోంది. బావ చుక్కాని పట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, ముందుకే చూస్తున్నాడు. చెయ్యని నేరానికి తీర్పు వినడానికి నిలబడిన మనిషిలా ఉన్నాడు.

"ఎర్రగా ఏటుంది మావా? ఎలిసిపోనాది," అంది అక్క, బైనాక్యులర్ దించకుండానే. "కుడి కొస కూడా జారిపోనాది. గట్టిగానే కట్టేను, గాలికి ఊడిపోయుంటాది."

బావ ఆవిడ వైపు తిరిగాడు. తరవాత, "రంగు నానెప్పుడూ సరిగ్గా సూల్లేదే," అన్నాడు.

"నీకు సూపు ఆనదని నాకెరిక," అని అక్క బైనాక్యులర్ నాకిచ్చింది. "నువ్వు కూడా సూడు తమ్ముడా."

చూశాను. కొండలు కనిపించాయి. "అవునక్కా, కుడి కొసే," అన్నాను.

విశాఖలో లాంచి అప్పగించి, సాయంత్రానికి ఇల్లు చేరాం. వాళ్లిద్దరూ కాళ్లు కడుక్కుంటుంటే నీళ్ల ట్యాంకు చూసి వస్తానని చెప్పి నేను మేడ ఎక్కాను. చీర కట్టింది కట్టినట్టే ఉంది. రెండు కొసలా రెండేసి ముళ్లు. ఒక్క నిమిషం ఆలోచించాను. సముద్రం మీంచి చూస్తే కుడి, మేడ మీద నిలబడితే ఎడమ. ఎడమ వైపు ముళ్లు విప్పేసి కొస వదిలేశాను.

తరవాత బావ తువ్వాలు ఆరేయడానికి పైకి వెళ్లి, గబగబా దిగి వచ్చాడు. "నిజమేనే! ఆ కొస జారిపోనాది!" అన్నాడు. పండగ చేసుకుంటున్న గొంతు అది. రెండేసి ముళ్లు వేసిన అక్క నా వైపు ఒక్కసారి చూసింది. నా గ్లాసులో ఇంకాస్త టీ పోసింది.

ఆ తరవాత బావ సముద్రం మీదికి వెళ్లలేదు. సాయంత్రాలు మేడ మీద మంచం వేసుకుని పడుకునేవాడు. మబ్బులు కదులుతుంటే, "సూడు బావా, మేడ ఎల్తంది," అనేవాడు.

దినకార్యాలన్నీ అయి చుట్టాలు వెళ్లిపోయాక, ఆ మంచం దించుదామని పైకి వెళ్లాను. పిట్టగోడ మీద చీర ఉంది. అక్క ఆ పొద్దుటే పరిచినట్టుంది. ఇప్పుడది దాదాపు తెలుపు. కుడి వైపు రెండు ముళ్లు బిగించి ఉన్నాయి. ఎడమ కొస కట్టలేదు. కడదామని దాన్ని పట్టుకోబోయాను.

"కట్టకు తమ్ముడా," అంది అక్క మెట్ల మీంచి. "మీ బావ సూసింది అలాగే."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. సముద్రం గాలి అప్పుడే ఊళ్లోకి వస్తోంది. కట్టని కొస నెమ్మదిగా లేచింది, గాలిలో కాసేపు నిలబడింది, మళ్లీ గోడ మీద వాలింది.