కొమ్ము దువ్వెన

గంజాం జిల్లా మద్రాసు నుంచి విడిపోయి ఒరిస్సాలో కలిసిన కొత్తలో మా ఇంటికి ఒక చీనా కుక్క వచ్చింది. ఇక కోర్టు కాగితాలు ఏ భాషలో రాస్తారో, పిల్లలు బళ్ళో ఏం చదవాలో అని బరంపురంలో పెద్దవాళ్ళంతా అరుగుల మీద తలలు పట్టుకు కూర్చున్న రోజులవి. మా ఇంట్లో మాత్రం ఆ కుక్క ఎక్కడ పడుకోవాలన్నదే పెద్ద తగువు.

నాన్నకు బజారులో సరుకుల కొట్టు ఉండేది. గోపాలపూర్‌లో సముద్రం ఒడ్డు బంగళాలకు బియ్యం, పంచదార, కొవ్వొత్తులు మా బండి మీదే వెళ్ళేవి. ఆ బంగళాల్లోని ఒక దొరసాని తన దేశం వెళ్ళిపోతూ కుక్కను నాన్న చేతుల్లో పెట్టింది. అక్కడ ఓడ దిగగానే కుక్కల్ని నెలల తరబడి విడిగా కట్టి ఉంచుతారట, ఇది బెంగతోనే చచ్చిపోతుందని ఏడ్చిందట. కాదనడం చేతకాని మనిషి మా నాన్న. బెల్లం బుట్టలో గుడ్డ పరిచి, దాన్ని కూర్చోబెట్టి ఇంటికి తెచ్చేశాడు.

ఒళ్ళో పట్టేంత కుక్క. ముక్కు ఎవరో బొటనవేలితో లోపలికి నొక్కేసినట్టుండేది. కళ్ళు మాత్రం ఇంతింత. మెడ చుట్టూ, చెవుల మీద, తోక మీద ఎర్రటి జుట్టు నేల తుడుస్తూ వేలాడేది. పడుకుంటే గురక, లేస్తే గురగుర. కాపలాకు పనికిరాదు, ఎలకనైనా పట్టదు. "ఇదేటిరా, కుక్కా, పిల్లా?" అని నాయనమ్మ నోరు నొక్కుకుంది.

దాన్ని దగ్గరకు తీసింది మా మేనత్త. నాన్నకు అక్క. చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. నాకు ఊహ తెలిసేటప్పటికే ఆవిడది గుండు, తెల్లచీర, తల మీద ముసుగు. మా వాళ్ళలో అందరిళ్ళలోనూ ఈ ఆచారం లేదు. మా ఇంట్లో ఉండేది. తాతయ్య బతికున్న రోజుల్లో పెట్టించాడు, ఆయన పోయాక నాయనమ్మ తనూ గుండు చేయించుకుని నడిపించింది. నెలకోసారి తెల్లారుతుండగా మంగలి పెరటి దారిన వచ్చేవాడు. అత్త నూతి దగ్గర గోడకేసి తిరిగి పీట మీద కూర్చునేది. అప్పుడు పెరట్లోకి ఎవరమూ వెళ్ళకూడదు.

ఇంటిల్లిపాదికీ మడి కట్టుకుని వండిపెట్టేది అత్తే. నాయనమ్మ ఆవిడ చేతి వంట తప్ప ముట్టేది కాదు. అలాంటి మనిషి కుక్కను ముట్టుకుందని మొదట్లో ఇల్లు అదిరిపోయింది. కుక్క కాలికి తగిలిన ప్రతిసారీ నూతి దగ్గరకెళ్ళి తలమీంచి స్నానం చేసి, ఒళ్ళు వెచ్చబడి, చివరికి ఆవిడే ఒక దారి చూసుకుంది. వంట అయి అందరి భోజనాలూ ముగిసేదాకా మడి, ఆ తర్వాత కుక్క. దానికి అది ఎలా తెలిసిందో ఏమో, వంటింటి గడప మీద గడ్డం ఆనించి అలాగే చూస్తూ పడుకునేది. లోపలికి ఒక్క అడుగైనా వేసేది కాదు.

దొరసాని పెట్టిన పేరు మా ఎవరి నోరూ తిరగలేదు. అత్త దాన్ని "పిల్లా" అనే పిలిచేది. నన్నూ అలాగే పిలిచేది కాబట్టి ఇద్దరం పరిగెత్తేవాళ్ళం.

అది తినే తిండి మా ఇంట్లో లేదు. పెరుగన్నం పెడితే వాసన చూసి మొహం తిప్పేసుకుంది. పప్పన్నం, పాలన్నం, నేతి అప్పాలు కూడా అయ్యాయి. డొక్కలు ఎగరెయ్యడం మొదలుపెట్టాక, చేపలమ్మే ఆవిడ గోపాలపూర్ నుంచి వచ్చినప్పుడల్లా సందులోనే రెండు చేపలు ఉడికించి, ముళ్ళు తీసి పెట్టేట్టు నాన్న ఏర్పాటు చేశాడు. అది తింటున్నంతసేపూ అత్త ముసుగుతో ముక్కు మూసుకుని, అటు తిరిగి, "తిన్నాదా? ముల్లు లేదు కదా?" అని అడుగుతూనే ఉండేది.

దొరసాని చెప్పి పంపినవి రెండే మాటలు. ముక్కు పక్క మడతలు రోజూ తడిగుడ్డతో తుడవాలి, జుట్టు రోజూ దువ్వాలి. మడతలు తుడవడం సరే, దువ్వడానికి దువ్వెనేదీ? మా అమ్మ దువ్వెనో, నా దువ్వెనో కుక్కకెవరిస్తారు? అత్త తన గదిలోకి వెళ్ళి, పెట్టె అడుగు నుంచి ఒక దువ్వెన తీసుకొచ్చింది. పర్లాకిమిడి కొమ్ము దువ్వెన, వెనక రెండు చిలకలు చెక్కి ఉన్నాయి. నాయనమ్మ చూపు ఆ చిలకల మీదే ఉండిపోయింది. అత్త పెళ్ళికి తనే కొని పెట్టిన దువ్వెన అది. దాన్ని అన్నేళ్ళూ అత్త దాచుకుందని ఆవిడకు ఆ రోజే తెలిసింది.

ఇక మధ్యాహ్నాలు అదే పని. గుండు మీద ముసుగు కప్పుకుని, కుక్కను ఒళ్ళో పెట్టుకుని, చెవి వెనక చిక్కులు వేళ్ళతో విడదీసి, అప్పుడు దువ్వెన పెట్టేది. జుట్టు లాగినట్టయితే తన తల మీద లాగినట్టు "స్స్" అనేది. నేను అప్పటికి చిన్నదాన్నే అయినా, అటువైపు చూడలేక లేచి వెళ్ళిపోయేదాన్ని.

గోపాలపూర్‌లో సముద్రపు గాలి ఉంది కాబట్టి ఎండాకాలం సంగతి దొరసాని చెప్పలేదు. బరంపురంలో ఆ గాలి లేదు. ఎండలు ముదిరేసరికి కుక్క నాలుక నల్లబడి, కడుపు కొలిమి తిత్తిలా ఆడేది. ఒకనాడు మంగలి వచ్చాడు. ఎవరూ పెరట్లోకి రాకూడని వేళే అయినా, కుక్క రొప్పు వినలేక నాయనమ్మ తనే వచ్చింది. వెనకాలే నేను కూడా.

"ఎలాగూ ఆడొచ్చేడు కదా, దానికీ ఓపాలి కత్తి పెట్టించీ. ఈ జుత్తుతో ఊపిరాడక సచ్చిపోతాది" అంది. చెడ్డగా అనలేదు, దాని మీద జాలితోనే అంది.

అత్త పీట మీంచి లేచింది. తల సగం గొరిగి ఉంది.

"వొద్దు. దాని జోలికెల్లొద్దు."

"నీకేటి పిచ్చా? ఎండకి..."

"అదేటి తప్పు సేసిందే అమ్మా, దాని తల గొరిగించడానికి?"

అత్త గొంతు అంత పైకి లేవడం నేను అంతకుముందు వినలేదు. మంగలి కత్తి పట్టుకుని, "మూ కొణొ కొరిబి, మా?" అని ఒడియాలో గొణిగాడు, నేనేం చెయ్యను తల్లీ అని. నాయనమ్మ లోపలికి వెళ్ళిపోయింది. అత్త మళ్ళీ గోడకేసి తిరిగి కూర్చుంది, సగం తల అలా వదిలెయ్యలేరు కదా.

ఆ తర్వాత దాన్ని బతికించడానికి ఆవిడ పడని పాటు లేదు. వట్టివేళ్ళ తడిక తెప్పించి తడిపింది. నూతి గట్టు పక్కన తడి గోనె పరిచింది. విసనకర్రతో విసిరి విసిరి చెయ్యి పడిపోతే నాకిచ్చేది. అయినా ఒక మిట్టమధ్యాహ్నం అది గోనె మీద పక్కకు ఒరిగిపోయింది. కళ్ళు తేలేసింది. నీళ్ళు పోస్తే జుట్టంతా తడిసి దుప్పటిలా అంటుకుపోయింది తప్ప కిందికి చల్లదనం దిగలేదు. అత్త ఒక్క క్షణం దాన్ని చూసి, "పిల్లా, కత్తెర తే" అంది.

కత్తిరించింది ఆవిడే. "మల్లీ వొస్తాది తల్లీ, మల్లీ మొలుస్తాది" అంటూ, ఏడుస్తూ, చెవులూ మెడా పొట్టా అంతా కత్తిరించింది. ఎర్రటి జుట్టు నూతి గట్టు మీద కుప్ప పడింది. ఒంటికి తగిలేట్టు నీళ్ళు పోస్తూ విసురుతూ కూర్చున్నాం. పొద్దు వాలేవేళకి అది తల ఎత్తి నీళ్ళు నాకింది.

బతికింది గానీ చూడ్డానికి తడిసిన ఎలకలా ఉంది. సిగ్గో ఏమో, మంచం కింద దూరి ఎవరు పిలిచినా రాలేదు. అత్త నేల మీద పడుకుని, తన చీర చెంగు దాని తల మీద కప్పి, అలాగే ఉండిపోయింది. ఆ ఇద్దర్నీ అలా చూసి మా అమ్మ గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంది.

తర్వాతి నెల మంగలి వచ్చేవేళకి అత్త పెరట్లోకి రాలేదు. వంటింటి గడప మీద కుక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దానికి అప్పటికే ఒళ్ళంతా మెత్తగా జుట్టు వస్తోంది.

"లేవే, ఆడొచ్చి కూకున్నాడు" అంది నాయనమ్మ.

"దానికి మొలుస్తంది. నాకూ మొలవనీ."

"నలుగురూ ఏటంటారో ఎరుకేనా? జుత్తు పెంచితే నీ సేతి కూడు నేనెలా తిననే?"

అత్త కుక్క చెవులు నిమురుతూ కూర్చుంది. కొట్టుకు బయల్దేరిన నాన్న ఆ మాటలు విని వెనక్కి వచ్చాడు. తల్లిని చూశాడు, అక్కను చూశాడు. పెరటి గుమ్మం దాకా వెళ్ళి, "ఇంక అక్క కోసం నువ్వు రానక్కర్లేదు" అని మంగలికి చెప్పాడు. కాదనడం చేతకాని మనిషి ఆ ఒక్కసారి కాదన్నాడు.

నాయనమ్మ అన్న మాట మీదే నిలబడింది. ఆ రోజే పెరటి వసారాలో తనకు వేరే పొయ్యి వేయించుకుంది. ముసలి చేతులతో తన గుప్పెడు బియ్యం తనే వండుకుని, గోడకేసి తిరిగి తినేది. అత్త రోజూ ఆవిడ కూర్చునే చోట పీట వాల్చి, నీళ్ళ చెంబు పెట్టి వచ్చేది. ఆ నీళ్ళు అలాగే ఉండేవి. ఒకే ఇంట్లో తల్లీ కూతుళ్ళు ఏళ్ళ తరబడి అలా బతికారు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియదు.

కుక్క జుట్టు మళ్ళీ నేల తుడిచేంత పెరిగింది. అత్తది మెడ దాకా వచ్చింది, సగం నెరిసి. దాని జుట్టు ప్రతి ఎండాకాలం తనే కత్తిరించేది, "మల్లీ మొలుస్తాది" అని చెప్పి. తన తల మాత్రం వేళ్ళతోనే సరిచేసుకునేది. దువ్వెన కుక్కదే.

ఒక చలికాలం పొద్దున అది నిద్రలోనే పోయింది. గురక వినిపించకపోతే అందరికీ తెలిసిపోయింది. నూతి వెనక నాన్నే గొయ్యి తీశాడు. అత్త వంట చెయ్యలేదు. జుట్టు విరబోసుకుని, దువ్వెన చేతిలో పెట్టుకుని, గడప మీద కూర్చుంది. మధ్యాహ్నం దాటినా అలాగే ఉంది.

వసారాలోంచి నాయనమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. అత్త వెనక కూర్చుని, చేతిలోంచి దువ్వెన తీసుకుంది. పళ్ళ సందుల్లో ఎర్రటి వెంట్రుకలు ఇంకా ఉన్నాయి. వాటిని తియ్యలేదు. స్నానానికి లేవలేదు.

"సిక్కులు పడిపోనాది సూడు. తల ఇలా తిప్పు" అంది.

అలాగే దువ్వుతూ కూర్చుంది, దీపాలు పెట్టేవేళ దాకా. మర్నాడు వసారాలో పొయ్యి వెలగలేదు.